తీగ తెగితే రెక్క లేవాలి

నవంబర్ 9

విజయవాడ ఆటోనగర్‌లో మా లేత్ షెడ్డు ముందు పొద్దున్నే ట్రాలీ ఆటో ఆగింది. అందులోంచి దింపుకున్నది ఒక పాతకాలపు రైల్వే సిగ్నల్, రెక్క కదిలి డ్రైవరుకి ఆగు, పో అని చెప్పే రకం. నిజానికి అవి సిగ్నల్ తాలూకు ముక్కలు. వేలంలో రైల్వే తుక్కు కొనే వ్యాపారి గోదాములో ఏళ్ల తరబడి ఎండకీ వానకీ పడున్నవి. గ్యాస్ కట్టర్‌తో కోసేసిన తొమ్మిదడుగుల గొట్టపు స్తంభం, నాలుగడుగుల రేకు రెక్క, రెండు గాజులు పట్టే పోత ఇనుము చట్రం, స్తంభం మొదట్లో ఉండే బరువు లీవరు, దాని గుండు, వంగిపోయిన పొడవాటి కడ్డీ, మూత ఊడిన దీపం పెట్టె. ఎర్రది ఒకటి, ఆకుపచ్చది ఒకటి రెండు గాజులు గోనెసంచిలో చుట్టి విడిగా ఇచ్చాడు. అంచులు కొద్దిగా పెచ్చులూడాయి.

నాన్న కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఆయన గుంటూరు–గుంతకల్లు మీటర్‌గేజి లైన్లో సిగ్నల్ ఫిట్టరుగా చేశారు. దొనకొండ, కంభం, గిద్దలూరు, నల్లమల లోపల దిగువమెట్ట, గాజులపల్లె. 90ల్లో ఆ లైను బ్రాడ్‌గేజి అయింది, రెక్కల స్థానంలో రంగు దీపాల సిగ్నళ్లు వచ్చాయి. తన చేతులతో నూనె పోసిన సామానంతా తుక్కు వ్యాగన్లలో వెళ్లిపోవడం చూశారు. ఒక్కటైనా మళ్లీ నిలబెట్టి చూపించాలని నాకు చాలా ఏళ్లుగా ఉంది.

నేను వైర్ బ్రష్ అందుకోబోతుంటే ఆపారు.

"ముందు రెండు చెక్కలు తెచ్చి, ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా కట్టు."

రైల్వే నియమం అది. వాడుకలో లేని సిగ్నల్‌కి రెండు పట్టీలు గుణకారం గుర్తులా బిగించాలి. ఒక్కొక్కటీ మీటరు పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు. దాన్ని చూసిన డ్రైవరు ఆ సిగ్నల్ లేనట్టే లెక్క వేసుకుంటాడు. మా షెడ్డులో ఏ డ్రైవరు చూస్తాడని అడగలేదు. ప్యాకింగ్ చెక్కలు కోసి, కొబ్బరి తాడుతో స్తంభానికి కట్టాను. అప్పుడు గానీ పని మొదలుపెట్టనివ్వలేదు.

నవంబర్ 12

ఈరోజు ఏమీ విప్పలేదు. నేల మీద ముక్కలన్నీ వరసగా పేర్చి, ఏది ఏం చేస్తుందో నాన్న చేత చెప్పించుకున్నాను. రాసి పెట్టుకోకపోతే నేనే మర్చిపోతాను.

మాది కిందికి వాలే రకం, లోయర్ క్వాడ్రంట్. రెక్క నేలకు సమాంతరంగా ఉంటే ఆగు. కిందికి వాలితే పో. పైకి లేచే అప్పర్ క్వాడ్రంట్ రకం తర్వాత వచ్చింది. అందులో రెక్క అడ్డంగా ఉంటే ఆగు, 45 డిగ్రీలు లేస్తే జాగ్రత్తగా పో, నిటారుగా నిలబడితే ధైర్యంగా పో. రైల్వే భాషలో ఆగమని చూపిస్తే 'ఆన్', పొమ్మంటే 'ఆఫ్'. బయటివాళ్లకి ఇది తిరగేసినట్టు అనిపిస్తుంది. నాకూ చిన్నప్పుడు అలాగే అనిపించేది.

చివర చదరంగా ఉన్న ఈ ఎర్ర రెక్క స్టాప్ సిగ్నల్‌ది. ముందువైపు ఎరుపు మీద తెల్ల పట్టీ, వెనకవైపు తెలుపు మీద నల్ల పట్టీ. చేప తోకలా చీలి ఉంటే అది వార్నర్, అంటే ముందున్న సంగతి చెప్పేది.

ఇరుసుకి ఎడమ పక్క రెక్క, కుడి పక్క గాజుల చట్రం. చట్రాన్ని రైల్వేలో స్పెక్టకిల్ అంటారు, కళ్లజోడన్నమాట. పైన ఎర్ర గాజు, కింద ఆకుపచ్చ గాజు. రెక్క అడ్డంగా ఉన్నప్పుడు దీపం ముందు ఎర్ర గాజు నిలుస్తుంది. రెక్క వాలితే చట్రం పైకి లేస్తుంది, ఆకుపచ్చది వచ్చి దీపం ముందు నిలుస్తుంది. చట్రానికున్న చెవికి కడ్డీ తగిలించి, దాని కింది కొసని స్తంభం మొదట్లో బరువు లీవరుకి కలుపుతారు. స్టేషన్లోంచి వచ్చే తీగ లాగేది ఆ లీవరునే. లాగితే గుండు లేస్తుంది, కడ్డీ పైకి తోస్తుంది, రెక్క వాలుతుంది. వదిలితే గుండు పడుతుంది, కడ్డీని కిందికి లాగుతుంది, రెక్క లేచి అడ్డంగా నిలుస్తుంది.

"తీగ తెగితే?" అని అడిగారు నాన్న.

"గుండు పడుతుంది. ఆన్."

"కడ్డీ ఊడితే?"

నాకు తట్టలేదు. ఆయన చెప్పలేదు. "కట్టాక చూద్దాం" అన్నారు.

నవంబర్ 16

రంగు తీయడం మొదలు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పాత రైల్వే ఇనుము మీద అడుగు పూత సిందూరం, అంటే రెడ్ లెడ్. సీసం. గ్రైండర్‌కి వైర్ బ్రష్ తగిలించి పొడిగా రుద్దితే ఆ ధూళంతా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, బట్టలకి అంటుకుని ఇంటికొస్తుంది, పిల్లలకి చేరుతుంది. మా షెడ్డులో ఎవరినీ ఆ పని చేయనివ్వలేదు. రంగు తీసే జెల్లీ రాసి, మెత్తబడ్డాక నీళ్లు చల్లుతూ తడిగానే గీకాం. కింద పాలిథిన్ పట్టా పరిచి, పెచ్చులన్నీ డబ్బాలో మూసి పెట్టాం. మాస్కు, చేతి తొడుగులు. పనయ్యాక స్నానం చేసే అన్నానికి కూర్చున్నాం.

నాన్న తరం వాళ్లు ఇదంతా ఒట్టి చేతుల్తో గీకేవాళ్లట. ఆ మాట ఆయన మామూలుగానే అన్నారు గానీ నాకు గుండెల్లో కలుక్కుమంది.

రెక్క మీద మూడు పూతల కింద ఊహించనిది కనిపించింది. పింగాణీ. కంచాలకీ గిన్నెలకీ పోసే ఎనామిల్ లాంటిదే, ఎరుపు, ఇప్పటికీ అద్దంలా మెరుస్తోంది. తర్వాతెవరో దాని మీదే బ్రష్‌తో రంగులు పూసుకుంటూ పోయారు. అక్కడక్కడా రాళ్లు తగిలి పెచ్చులూడి, అర్ధరూపాయి బిళ్లంత గుంటలు పడ్డాయి.

నవంబర్ 23

తుప్పు వదిలించడానికి ఉయ్యూరు వైపు నుంచి బెల్లం మడ్డి తెప్పించాను. చక్కెర తీశాక మిగిలే చిక్కటి నల్ల పాకం. ఒక వంతు మడ్డికి తొమ్మిది వంతుల నీళ్లు, ప్లాస్టిక్ డ్రమ్ములో. చట్రం, బరువు లీవరు, దీపం బ్రాకెట్ అందులో మునిగాయి. తుప్పుని మెల్లగా పట్టి లాగేస్తుంది, మంచి ఇనుముకి పెద్దగా హాని చేయదు. రెండు వారాలు ఓపిక పట్టాలి. అల్యూమినియం, జింకు ఉన్నవి మాత్రం అందులో వేయకూడదు.

కరెంటు పద్ధతి కూడా ఉంది. చాకలి సోడా నీళ్లలో బ్యాటరీ చార్జరు పెట్టి చేసేది. అది గంటల్లో అవుతుంది. గుండుకి అదే వాడాను. రెండో కొసకి మామూలు ఇనుప రేకే కట్టాలి, స్టీలు గిన్నె కడితే నీళ్లలోకి విషపు క్రోమియం దిగుతుంది. హైడ్రోజన్ బుడగలు వస్తాయి కాబట్టి ఆరుబయటే పెట్టాను.

డిసెంబర్ 7

డ్రమ్ము మూత తీస్తే కల్లు పులిసినట్టు వాసన. చట్రం తీసి పైపు నీళ్లతో కడుగుతుంటే అంచు మీద అక్షరాలు తేలాయి. వేలితో తడిమి చదివాను: ఎం, ఎస్, ఎం, ఆర్. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే! 1908లో ఏర్పడి, 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వేలో కలిసిపోయిన సంస్థ. అంటే ఈ పోత నాన్న కంటే చిన్నదేమీ కాదు. ఆయన ఆ అక్షరాల మీద బొటనవేలు రాస్తూ చాలాసేపు కూర్చున్నారు. "వీటి మీద ఎన్ని డబ్బాల రంగు పూశామో, ఒక్కనాడూ కనపడలేదు" అన్నారు.

సంతోషం పూర్తిగా నిలవలేదు. కుండ కొనేటప్పుడు మోగించినట్టు చట్రాన్ని తాడుకి వేలాడదీసి చిన్న సుత్తితో తట్టాను. ఖంగుమనాల్సింది బొంగురుగా పలికింది. ఎక్కడో పగులుంది, కంటికి ఆనడం లేదు. కిరసనాయిలు పూసి, పావుగంట ఆగి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లాను. పగుల్లో దాగిన నూనె సుద్దలోకి ఊరి, కడ్డీ తగిలే చెవి మొదట్లో సన్నటి గీత బయటపడింది. అంగుళంన్నర.

డిసెంబర్ 14

పోత ఇనుముని మామూలు రాడ్డుతో వెల్డింగు చేస్తే అతుకు పక్కనే మళ్లీ పగులుతుంది. ఒక్కచోటే వేడెక్కి ఒక్కసారిగా చల్లారితే ఆ లాగుడుని అది తట్టుకోలేదు. అందుకని ఇత్తడితో బ్రేజింగు చేయాలని నిర్ణయించుకున్నాం. పగులు చివర 3 మిల్లీమీటర్ల రంధ్రం వేశాను, గీత అక్కడితో ఆగడానికి. గీత పొడవునా నాగలి చాలులా గాడి తీశాను. బొగ్గుల కుంపటి మీద చట్రం మొత్తాన్ని గంట సేపు వేడి చేసి, అప్పుడు మేస్త్రీ గ్యాస్ మంటతో ఇత్తడి కరిగించి గాడి నింపాడు. కరిగిన ఇత్తడి గాడిలోకి పాకినప్పుడు తేనె పోసినట్టుంది.

అసలు పని ఆ తర్వాత ఉంది. వెంటనే గాలి తగలకుండా చట్రాన్ని ఊక బూడిదలో పాతిపెట్టాం. మర్నాడు పొద్దున తీసేసరికి ఇంకా గోరువెచ్చగానే ఉంది. మళ్లీ తాడుకి కట్టి తట్టాను. మోగింది.

డిసెంబర్ 21

ఇరుసు, అది లోపల తిరిగే గొట్టం లాంటి బుష్షు. ఇది నా సొంత పని, ఇరవై రెండేళ్లుగా చేస్తున్నది. పాత ఇరుసు 32 మిల్లీమీటర్లు ఉండాల్సింది, కింది వైపు 31.2కి అరిగి కోడిగుడ్డు ఆకారమైంది. కొత్త ఇరుసు తిప్పి, గన్‌మెటల్ బుష్షు చేశాను. మోటారు షాఫ్టుకి ఇచ్చినంత సందు ఇచ్చి, వేలితో తిప్పితే నూనెలో తేలినట్టు తిరిగేలా చేసి నాన్నకి చూపించాను.

ఆయన తిప్పి చూసి, "బాగుంది, కానీ నడవదు" అన్నారు. "ఇది షెడ్డులో ఉండేది కాదు. మే నెల ఎండ, ఇంజను బొగ్గు నుసి, వాన. ఇంత బిగువైతే తొలి దుమ్ముకే పట్టేస్తుంది."

బుష్షుని మళ్లీ లేత్ ఎక్కించి 0.3 మిల్లీమీటర్ల సందు వచ్చేదాకా లోపల కోశాను. నా చేతికి అది వదులు పని. సిగ్నల్‌కి అదే సరైన పని.

జనవరి 4

రంగులు అయిపోయాయి. రెక్క మీది గుంటలు నాకు నచ్చలేదు. పక్క వీధిలో కార్లకి టింకరింగు చేసే మేస్త్రీ చేత రెండు వైపులా పుటీ పట్టించి, నున్నగా రుద్దించి, స్ప్రే కొట్టించాను. ముందు ఎరుపు, తెల్ల పట్టీ. వెనక తెలుపు, నల్ల పట్టీ. కొత్త కారు తలుపులా వచ్చింది. అంచులు ఊడిన పాత గాజుల బదులు బోర్డులు రాసే దుకాణంలో ఎర్ర, ఆకుపచ్చ యాక్రిలిక్ బిళ్లలు కోయించి చట్రంలో బిగించాను.

సిగ్నల్ నిలబెట్టే చోటు మీద కొంత చర్చ జరిగింది. వెనక దొడ్డిలో, ఎత్తు గోడ చాటున, ముఖం షెడ్డు వైపు. పట్టాల మీంచి గానీ రోడ్డు మీంచి గానీ ఎర్ర దీపం, ఆకుపచ్చ దీపం కనబడకూడదని నాన్న పట్టుబట్టారు. విజయవాడ లాంటి జంక్షన్ ఉన్న ఊళ్లో ఆ పట్టుదల న్యాయమే.

జనవరి 11

స్తంభం నిలబెట్టి, కాంక్రీటు ఆరనిచ్చి, ఈరోజు బిగింపు. లీవరుకి తాడు కట్టి లాగాను. గుండు లేచింది, కడ్డీ కదిలింది, రెక్క వాలింది. వదిలాను. ఠక్కున లేచి అడ్డంగా నిలిచింది. మా కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. నేను ఫోన్లో వీడియో తీస్తున్నాను.

నాన్న లేచి, నిచ్చెన వేయమన్నారు. ఈ వయసులో ఎక్కనివ్వనని చెప్పి నేనే ఎక్కాను. "చట్రం చెవి దగ్గర పిన్ను తీసి, కడ్డీ వదిలెయ్" అన్నారు.

వదిలాను. రెక్క ఒక క్షణం నిలబడి, మెల్లగా, ఎవరో తల వంచినట్టు కిందికి వాలిపోయింది. చట్రం లేచింది. దీపం గూటి ముందు ఆకుపచ్చ బిళ్ల వచ్చి నిలిచింది.

ఎవరూ మాట్లాడలేదు.

నవంబర్‌లో ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు ఇదన్నమాట. తీగ తెగితే గుండు కాపాడుతుంది. కడ్డీ ఊడిపోతే గుండుకీ రెక్కకీ సంబంధమే ఉండదు, అప్పుడు కాపాడాల్సింది చట్రం బరువు ఒక్కటే. పైకి లేచే రకం సిగ్నల్‌కి ఈ బాధ లేదు, రెక్క బరువే దాన్ని ఆన్‌కి దించేస్తుంది. కిందికి వాలే రకంలో రెక్క బరువు ఎప్పుడూ ఆఫ్ వైపే లాగుతూ ఉంటుంది. అందుకే కుడి పక్కన అంత బరువైన పోత ఇనుము పెడతారు. అది గాజులు పట్టుకోవడానికి మాత్రమే అని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను.

నాన్న ఒక సంగతి చెప్పారు. ఆయన కొత్తగా చేరిన రోజుల్లో ఒక చిన్న స్టేషన్లో, గాలివాన రాత్రి, స్ప్లిట్ పిన్ను అరిగి విరిగి కడ్డీ జారిపోయింది. తెల్లారి వెళ్లి చూస్తే కడ్డీ స్తంభానికి ఆనుకుని ఉంది, రెక్క మాత్రం అడ్డంగానే ఉంది. ఆ రాత్రి గూడ్సు బండి ఔటర్ దగ్గర చాలాసేపు నిలిచిపోయింది, డ్రైవరు తిట్టుకున్నాడు. అంతకుమించి ఏమీ జరగలేదు. "సిగ్నల్ చెడిపోవచ్చురా. చెడిపోయి ఆగమనాలి. పొమ్మనకూడదు."

రాత్రి పడుకునే ముందు 1876 జనవరి 21 నాటి అబ్బాట్స్ రిప్టన్ ప్రమాదం గురించి మళ్లీ చదివాను. ఇంగ్లండులో మంచు తుఫాను. అప్పట్లో రెక్కలు స్తంభంలోనే కోసిన గాడిలోంచి వాలేవి, మామూలుగా లైను తెరిచే ఉన్నట్టు ఆఫ్‌లో ఉంచేవాళ్లు. ఆ గాడిలో మంచు గడ్డకట్టి రెక్కలు ఇరుక్కుపోయాయి. లోపల సిగ్నల్‌మాన్ లీవరు వెనక్కి వేశాడు, బయట రెక్క లేవలేదు. ఎక్స్‌ప్రెస్ వెళ్లి బొగ్గు బండిని గుద్దింది, ఆ శిథిలాల్లోకి ఎదురుగా ఇంకో ఎక్స్‌ప్రెస్ వచ్చింది. ఆ తర్వాతే సిగ్నల్ మామూలుగా ఆన్‌లోనే ఉండాలన్న పద్ధతి గట్టిపడింది. నా రెక్క ఇవాళ చేసింది ఆ మంచు చేసిన పనే.

జనవరి 12

షాపు తెరవకముందే తూకం వేశాం. కూరగాయల కొట్టు నుంచి ఎలక్ట్రానిక్ కాటా తెచ్చాను. ఒక్కో ముక్కనీ గుండ్రటి కడ్డీ మీద ఆనించి, ఎక్కడ సరితూగుతుందో గుర్తుపెట్టి, ఇరుసు నుంచి ఆ చోటికి దూరం కొలిచాను. బరువుని దూరంతో గుణిస్తే ఎవరు ఎంత లాగుతున్నారో తెలుస్తుంది.

రెక్క 4.7 కిలోలు, 75 సెంటీమీటర్ల దూరంలో: 352.
చట్రం 13 కిలోలు, 23 సెంటీమీటర్లలో: 299. యాక్రిలిక్ బిళ్లలు రెండూ కలిపి 370 గ్రాములు, 30 సెంటీమీటర్లలో: 11. మొత్తం 310.

రెక్క 42 ఎక్కువ. వాలక ఏం చేస్తుంది?

రంగు గీకాక, పుటీ పట్టకముందు రెక్కని ఒకసారి తూచి నోటు పుస్తకంలో రాసుకున్నాను. వెతికితే దొరికింది: 3.9. అంటే 800 గ్రాముల పుటీ, రంగు పూయించాను. కారు తలుపుకి అది ఒక లెక్కలోది కాదు. ఇరుసుకి ముప్పావు మీటరు దూరంలో వేలాడే రెక్కకి అదే ప్రాణాంతకం. అందం కోసం చేసిన రెండు పనులూ, నున్నటి పుటీ, మెరిసే యాక్రిలిక్, తక్కెడని ఒకే వైపు వంచాయి. ఒకటి రెక్కకి బరువు పెంచింది, రెండోది చట్రానికి తగ్గించింది. ఈ తప్పు పూర్తిగా నాది.

జనవరి 18

పండగ మూడు రోజులూ కత్తి పెట్టలేదు. నిన్నా ఇవాళా పుటీ అంతా గీకేశాను. పింగాణీ మళ్లీ బయటికొచ్చింది. పెచ్చులూడిన గుంటల్లో తుప్పు ఆపే ప్రైమరు, దాని మీద సన్నగా ఎర్ర రంగు, అంతే. గుంటలు గుంటల్లాగే కనిపిస్తున్నాయి. "వెయ్యి అడుగుల అవతలున్న డ్రైవరుకి అవి కనపడవు" అన్నారు నాన్న. ఇప్పుడు చూస్తే నాకూ అవే నచ్చుతున్నాయి.

పుటీ లేకుండా, యాక్రిలిక్‌తో: చట్రం 310, రెక్క 292. తేడా 18. కడ్డీ వదిలి, రెక్కని చేత్తో కిందికి వంచి విడిచాను. లేచింది, కానీ బద్ధకంగా, అడ్డానికి రెండు వేళ్లు తక్కువలో ఆగింది. సగంలో ఆగిన రెక్కని డ్రైవరు ఆన్‌గానే తీసుకోవాలి, నియమం అదే. కానీ చీకట్లో ఆ సగం ఎలా కనిపిస్తుందో ఎవరు చెప్పగలరు?

బుష్షులో నేను కూరిన చిక్కటి గ్రీజు కూడా కారణమేనని నాన్న అన్నారు. తుడిచేసి పల్చటి నూనె నాలుగు చుక్కలు వేశాను. యాక్రిలిక్ బిళ్లలు తీసేసి, గోనెసంచిలోంచి పాత గాజులు బయటికి తీశాను. రెండూ కలిపి కచ్చితంగా కిలో. 30 సెంటీమీటర్లలో 30. చట్రం 329, రెక్క 292, తేడా 37.

మళ్లీ వంచి విడిచాను. చప్పుడు చేస్తూ లేచి దిమ్మెకి తగిలి నిలిచింది. పదిసార్లు చేశాను. పదిసార్లూ లేచింది.

జనవరి 25

దీపం. పాత ఆకుపచ్చ గాజుని పగటి వెలుగులో చూస్తే ఆకుపచ్చగా ఉండదు, నెమలి మెడలా నీలంగా ఉంటుంది. పెచ్చులూడిన అంచులతో పాటు అదీ లోపమనుకునే నేను మార్చాను. సాయంత్రం కిరసనాయిలు దీపం వెలిగించి వెనక పెట్టాక అర్థమైంది: మంటలో పసుపు, గాజులో నీలం, రెండూ కలిసి కంటికి అందే సరికి ఆకుపచ్చ. తెల్లటి ఎల్‌ఈడీ పెట్టి చూశాం, నీలంగా కనిపించింది. ఎవరైనా ఇలాంటిది బాగుచేస్తుంటే, కిరసనాయిలు దొరక్కపోతే పసుపు కాంతి బల్బే వాడండి.

దీపం పెట్టెకి వెనకవైపు చిన్న రంధ్రం. అందులోంచి సన్నటి తెల్ల వెలుగు స్టేషన్ వైపు కనిపిస్తుంది. రెక్క ఆన్‌లో ఉన్నంతసేపే కనిపిస్తుంది. ఆఫ్ అయితే ఇరుసుకున్న చిన్న రేకు వచ్చి మూసేస్తుంది. రాత్రిపూట స్టేషన్ మాస్టరు తన సిగ్నల్ తన మాట విన్నదో లేదో ప్లాట్‌ఫాం మీద నిలబడి చూసుకునేది ఆ చుక్క వెలుగులోనే. మన సిగ్నల్‌కి ఆ రేకు లేదు. పాత ఇరుసు మీద అది కూర్చున్న గాడి గుర్తు చూసి కొత్తది కోశాను.

పొద్దుగూకే వేళ నూనె డబ్బా పట్టుకుని ఒక్కో సిగ్నల్ ఎక్కి దిగే లాంప్‌మాన్‌ల గురించి నాన్న చెప్పారు. నల్లమలలో ఆ పని చేసినవాళ్లు చేతిలో కర్ర లేకుండా కదిలేవాళ్లు కాదట.

ఫిబ్రవరి 1

తీగ. మాకున్న జాగాలో 22 మీటర్లే వేయగలిగాం, మూల మీద రెండు కప్పీలు, చివర నేను తయారుచేసిన చేతి లీవరు. స్టాప్ సిగ్నల్ లీవరు కాబట్టి ఎరుపు. బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మళ్లించే పాయింట్లది నలుపు, ఖాళీగా ఉన్నది తెలుపు, ఇలా స్టేషన్లో లీవరు రంగు చూసే పని తెలిసేది.

22 మీటర్లలో తీగతో తంటా ఏమీ లేదు. నాన్న చూసిన తీగలు అరకిలోమీటరు దాటేవి. లెక్క వేశాను. ఉక్కు తీగ మీటరుకి, ఒక డిగ్రీ వేడికి ఒక మిల్లీమీటరులో దాదాపు నూరోవంతు పెరుగుతుంది. 600 మీటర్ల తీగ, తెల్లవారుజాముకీ మిట్టమధ్యాహ్నానికీ 30 డిగ్రీల తేడా. ఇరవై సెంటీమీటర్లు దాటుతుంది, ఇంచుమించు జానెడు. లీవరు లాగే దూరంలో జానెడు పోతే రెక్క పూర్తిగా వాలదు. చల్లబడ్డాక తీగ బిగుసుకుంటే అంతకన్నా ముప్పు, ఎవరూ లాగకుండానే రెక్కని కిందికి గుంజుతుంది. అందుకే తీగ పొడవు సర్దే మర. ఎండ ఎక్కేకొద్దీ బిగించాలి, పొద్దువాలాక వదులు చేయాలి. కంభంలో వేసవి మధ్యాహ్నాలు భోజనానికి లేటుగా వచ్చేవారని అమ్మ అనేది. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

ఫిబ్రవరి 8

పొద్దున మంచు తగ్గాక అందరం దొడ్డిలోకి వెళ్లాం. నేను ఎర్ర లీవరు లాగి గాడిలో నిలిపాను. రెక్క వాలింది, చట్రం లేచింది, నీలి గాజు వెనక దీపం ఆకుపచ్చగా వెలిగింది, వెనక చుక్క వెలుగు ఆరింది.

నాన్న కటింగ్ ప్లేయరు అడిగారు. కొత్త తీగ, వారం కింద వేసింది. ఇచ్చాను. ఆయన చేతిలో బలం చాల్లేదు, నా చేతులు కూడా కలిపి ఇద్దరం నొక్కాం. తీగ టంగుమని తెగి పాములా వెనక్కి చుట్టుకుంది, గుండు దబ్బుమంది, రెక్క అడ్డంగా నిలిచింది.

తీగ ముడేసి మళ్లీ లాగాను. ఈసారి మా కుర్రాడు నిచ్చెన ఎక్కి, ఆఫ్‌లో ఉండగానే కడ్డీ పిన్ను పీకేశాడు. కడ్డీ స్తంభం పక్కకి జారింది. రెక్క లేచింది. ఎర్ర గాజు ముందుకొచ్చింది, వెనక చుక్క వెలిగింది.

నాన్న స్తంభం మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడ్డారు. తర్వాత నవంబర్ నుంచి కట్టి ఉన్న చెక్కల వైపు చూపించి, "ఇంక అవి విప్పెయ్" అన్నారు.

కొబ్బరి తాడు మూడు నెలల మంచుకి బిగుసుకుపోయి ముడి రాలేదు. కత్తి తెచ్చి కోశాను.